పడమటి గూడుబండి – 7: ఇంగల్స్ వారి ఇంటిపేరు

(గత సంచిక తరువాయి)

1870 ఆగస్టు నెల. కాన్సస్ రాష్ట్రం దక్షిణపు అంచున మోంట్‌గోమరీ కౌంటీ. జనాభా లెక్కలు రాసే ఉద్యోగి గడ్డిమైదానంలో ఇల్లిల్లూ తిరుగుతున్నాడు. అక్కడొకటి, ఇక్కడొకటిగా విసిరేసినట్టున్న దుంగల ఇళ్లు. ప్రతి ఇంటి ముందూ ఆగి పేర్లు, వయసులు, చేసే పని అడిగి రాసుకుంటున్నాడు. భూమి విలువ రాయాల్సిన గడి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఏ అంకే వేయలేదు. ఈ నేల ఓసేజ్ అనే మూలవాసులది, ఇక్కడ కాపురమున్నవాళ్లకు దీని మీద హక్కు లేదని రాసిపెట్టాడు.

ఆ ఇళ్లలో ఒకటి చార్ల్స్ ఇంగల్స్‌ది. వయసు ముప్పై నాలుగు, పని వడ్రంగం. భార్య కరోలిన్. ఐదేళ్ల మేరీ, మూడేళ్ల లారా, ఇంకా నెల నిండని పసిబిడ్డ క్యారీ. ఆ మూడేళ్ల పిల్లే అరవై ఏళ్లు దాటాక కలం పట్టి తన ఇంటివాళ్ల కథను లోకమంతటికీ చెప్పింది. లారా ఇంగల్స్ వైల్డర్ నవలలు 1932 నుంచి 1943 వరకు ఎనిమిది వచ్చాయి. 1974లో మొదలైన టెలివిజన్ ధారావాహికతో ఆ గూడుబండి అమెరికాలో ప్రతి ఇంటి ముందుకూ వచ్చి ఆగింది.

గత సంచికలో 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం గురించి చెప్పుకున్నాం. ఇంటికి 160 ఎకరాలు, ఐదేళ్లు కాపురముండి సాగు చేసుకుంటే పట్టా. ఆ చట్టం కింద పంచిపెట్టిన పట్టాలు దాదాపు పదహారు లక్షలు, నేల 27 కోట్ల ఎకరాలు. ఇంత పెద్ద అంకెల్లో మనిషి కనపడడు. అందుకే ఈసారి ఒక్క ఇంటిపేరు పట్టుకుని నడుద్దాం. నవలలు ఒక చేతిలో, కుటుంబ బైబిలు, జనాభా లెక్కలు, భూమి కాగితాలు మరో చేతిలో పట్టుకుని నడుద్దాం. ఒకటి చెప్పి రెండోది చెప్పని చోటల్లా ఆగుదాం.

లిన్ నుంచి పాకిన తీగ

ఇంగల్స్ ఇంటిపేరు అమెరికా నేల మీద 1629లో కనిపిస్తుంది. ఇంగ్లండులోని లింకన్‌షైర్ నుంచి వచ్చిన ఎడ్మండ్ ఇంగల్స్, మాసచూసెట్స్‌లో లిన్ అనే ఊరికి తొలి కాపుల్లో ఒకడు. 1648లో గుర్రం మీద సాగస్ నది దాటుతుండగా వంతెన విరిగి నీళ్లలో పడి చనిపోయాడు. వంతెన బాగోగులు చూడనందుకు అతని వారసులకు పరిహారం దక్కింది. ఆయన కూతురు ఫెయిత్‌కు పుట్టిన మార్తా క్యారియర్‌ను 1692లో సేలంలో మంత్రగత్తె అన్న నిందతో ఉరితీశారు. తీగ మొదట్లోనే ఒక నీటిగండం, ఒక అన్యాయపు చావు.

ఈ వంశంలో చార్ల్స్ తాత శామ్యూల్ ఇంగల్స్ పద్యాలు రాసేవాడు. తనను తాను చదువురాని కవినని చెప్పుకున్నాడు. ఆయన భార్య మార్గరెట్ డెలానో. ఆమె ఇంటిపేరు వెంట వెనక్కి పోతే 1621లో ప్లిమత్ చేరిన ఫిలిప్ డి లనాయ్ దగ్గర తేలతాం. తరువాతి కాలంలో అమెరికా అధ్యక్షుడైన ఫ్రాంక్లిన్ డెలానో రూజ్‌వెల్ట్‌కూ ఆయనే మూలపురుషుడు. అంటే కాన్సస్ దుంగల ఇంట్లోని పాపకూ, వైట్‌హౌస్‌లోని రూజ్‌వెల్ట్‌కూ దూరపు చుట్టరికం ఉంది.

శామ్యూల్ కొడుకు లాన్స్‌ఫర్డ్ 1812లో కెనడాలో పుట్టాడు. లాన్స్‌ఫర్డ్ కొడుకు చార్ల్స్ 1836 జనవరి 10న న్యూయార్క్ రాష్ట్రంలోని క్యూబా అనే పల్లెలో పుట్టాడు. ఆ నాటికి ఈరీ కాలువ తెరిచి పదేళ్లు దాటింది. తూర్పున ఉన్న నేలను కొడుకులకు పంచితే ఒక్కొక్కరికీ చారెడే మిగులుతుంది. పడమట కన్ను ఆనినంత మేరా మైదానం. లాన్స్‌ఫర్డ్ పిల్లాపాపలతో ఇల్లినాయ్‌లోని కేన్ కౌంటీకి, అక్కడినుంచి 1850ల్లో విస్కాన్సిన్‌లోని జెఫర్సన్ కౌంటీకి కదిలాడు. చార్ల్స్‌కు ఊరు మారడం తండ్రి దగ్గర నేర్చుకున్న విద్య.

ఒక ఇంటి ముగ్గురు, మరో ఇంటి ముగ్గురు

విస్కాన్సిన్‌లో వాళ్ల పొరుగున క్వైనర్ కుటుంబం ఉండేది. ఇంటి పెద్ద హెన్రీ క్వైనర్ 1845లో మిచిగన్ సరస్సులో ఓడ మునిగి పోయాడు. కూతురు కరోలిన్‌కు అప్పటికి ఆరేళ్లు నిండలేదు. తల్లి షార్లట్ ఒంటిచేత్తో పిల్లలను సాకి, 1849లో ఫ్రెడరిక్ హోల్‌బ్రుక్‌ను మళ్లీ పెళ్లాడింది. షార్లట్ పెళ్లికి ముందు బట్టలు కుట్టే పనిచేసిన మనిషి, చదువు విలువ తెలిసిన మనిషి. కరోలిన్ పెళ్లికి ముందు బడిపంతులమ్మగా పనిచేసింది. ఎక్కడికి పోయినా పిల్లలకు బడి ఉండాలన్న ఆమె పట్టుదల ఆ తరువాత ఈ కుటుంబం దారిని ఎన్నోసార్లు మార్చింది.

1860 ఫిబ్రవరి 1న చార్ల్స్, కరోలిన్ల పెళ్లి జరిగింది. చార్ల్స్ చెల్లెలు పాలీని కరోలిన్ అన్న హెన్రీ చేసుకున్నాడు. కరోలిన్ చెల్లెలు ఎలైజాను చార్ల్స్ అన్న పీటర్ చేసుకున్నాడు. మన ఊళ్లలో దీన్ని కుండమార్పిడి అంటాం. ఇక్కడ కుండలు మూడు. వరసల్లో చెప్పుకుంటే లారాకు హెన్రీ మేనమామ, ఆయన భార్య పాలీ మేనత్త. పీటర్ పెదనాన్న, ఆయన భార్య ఎలైజా పిన్ని. ఇంగ్లిషులో అందరూ అంకుల్, ఆంటీలే కనుక ఈ అల్లిక బిగువు పైకి కనపడదు. కొత్త నేల మీద బావి తవ్వడానికి, దుంగలెత్తడానికి, పురిటికి, చావుకి పిలిస్తే పలికే మనుషులు ఈ అల్లికలోంచే వచ్చారు. గూడుబండిని ఒక్క మగవాడు తోలాడని కథలు చెబుతాయి. ఇంగల్స్ వాళ్లు కదిలినప్పుడల్లా పక్కన బావమరిదో అన్నో ఉన్నాడని భూమి కాగితాలు చెబుతాయి. 1863లో పెపిన్ దగ్గర అడవిలో 160 ఎకరాలు కొన్నది చార్ల్స్, హెన్రీ కలిసే.

ఆ అడవిలోనే 1865 జనవరి 10న, తండ్రి పుట్టినరోజు నాడే, మేరీ పుట్టింది. 1867 ఫిబ్రవరి 7న లారా.

ఖాళీగా వదిలేసిన గడి

1868లో పెపిన్ పొలాన్ని గుస్టాఫ్ గుస్టాఫ్‌సన్ అనే ఆయనకు వాయిదాల మీద అమ్మారు. మిజోరీలో కొద్దికాలం ఉన్న తరువాత 1869లో చార్ల్స్ కాన్సస్ చేరాడు. ఇండిపెండెన్స్ అనే ఊరికి నైరుతిగా పదమూడు మైళ్ల దూరంలో ఇల్లు కట్టాడు. నవలలో ఆ దూరం నలభై మైళ్లు. నవలలో లారా ఊహ తెలిసిన పిల్ల, చెల్లెలు క్యారీ దారి పొడుగునా తల్లి ఒడిలో ఉంటుంది. కుటుంబ బైబిలు మాత్రం క్యారీ 1870 ఆగస్టు 3న మోంట్‌గోమరీ కౌంటీలోనే పుట్టిందని చెబుతోంది. కాన్సస్ వదిలే నాటికి లారాకు నాలుగేళ్లు. ఆ ఇంటి గురించి ఆమె రాసినదంతా తల్లిదండ్రులు, అక్క చెప్పగా విన్నదే.

ఆ నేల కథ ఇంకా లోతైనది. అది ఓసేజ్‌లకు ఒప్పందం ప్రకారం మిగిలిన రిజర్వు భూమి. 1868లో ఒక రైలు కంపెనీకి ఎకరం ఇరవై సెంట్ల లెక్కన దాన్ని ధారపోసే ఒప్పందం తయారైంది. సెనేట్ ఆమోదించకపోవడంతో అది వీగిపోయింది. ఈలోగా వేలమంది వలసదారులు హద్దు దాటి వచ్చి ఇళ్లు కట్టేసుకున్నారు. ఓసేజ్‌ల వ్యవహారాలు చూసే ప్రభుత్వ ఏజెంటు ఐజాక్ గిబ్సన్ తన నివేదికలో వాళ్ల ఆగడాలు రాశాడు. ఓసేజ్‌ల గుర్రాలు దొంగిలించారు, పంటలు దోచారు, ఇళ్లు ఆక్రమించారు, సమాధులు కూడా తవ్వారు. 1870 జూలై 15 నాటి చట్టంతో ఓసేజ్‌లను దక్షిణాన ఇండియన్ టెరిటరీకి పంపే ఏర్పాటు జరిగింది. వాళ్ల కాన్సస్ నేలను వలసదారులకు ఎకరం డాలరుంపావుకి అమ్మి, ఆ సొమ్ములోంచే చెరోకీల దగ్గర వాళ్లకు కొత్త నేల కొన్నారు.

లారా నవలలో ఓసేజ్‌లు గుర్రాల మీద బారులు తీరి వెళ్లిపోయే ఘట్టం ఉంది. చదివినవాళ్లెవరూ దాన్ని మరిచిపోరు. వాళ్లు ఎందుకు వెళుతున్నారో ఆ చిన్నపిల్ల తల్లిదండ్రులను అడుగుతూనే ఉంటుంది. పుస్తకంలో ఆమెకు సరైన జవాబు దొరకదు. జనాభా లెక్కల పుస్తకంలో భూమి విలువ లేని ఆ గడే దానికి జవాబు.

ఆ ఇంట్లో అందరికీ చలిజ్వరం పట్టుకున్నప్పుడు వైద్యం చేసినాయన జార్జ్ టాన్. నల్లజాతి వైద్యుడు. పొరుగునే ఉండేవాడు, ఓసేజ్‌లకూ వైద్యం చేసేవాడు. ఆయన లేకపోతే ఈ వంశావళి 1870లోనే ముగిసేదేమో. నవలలో ఆయన పేరుతో సహా ఉన్నాడు. ఇండిపెండెన్స్ శ్మశానంలో ఆయన సమాధి ఉంది.

సైన్యం వచ్చి వెళ్లగొడుతుందన్న భయంతో బండి కట్టారని నవల చెబుతుంది. కాగితాల్లో కనిపించే కారణం వేరు. పెపిన్ పొలం కొన్న గుస్టాఫ్‌సన్ బాకీ తీర్చలేకపోయాడు, పొలం తిరిగి వాళ్ల చేతికే వచ్చింది. 1871లో బండి మళ్లీ విస్కాన్సిన్ దారి పట్టింది.

పుస్తకంలో లేని పిల్లవాడు

1874 చలికాలంలో గడ్డకట్టిన పెపిన్ సరస్సు మీదుగా బండి మిన్నెసోటా వైపు సాగింది. వాల్‌నట్ గ్రోవ్ దగ్గర ప్లమ్ క్రీక్ ఒడ్డున పొలం. మొదటి కాపురం ఏటిగట్టును తొలిచి చేసిన మట్టి ఇంట్లో. గోధుమ ఏపుగా వచ్చింది. చేతికి అందబోయే పంట మీద మిడతల దండు దిగింది.

రాకీ పర్వతాల మిడత అది. 1873 నుంచి 1877 దాకా మిన్నెసోటా రైతును కోలుకోనివ్వలేదు. పైరు తిన్నాక గొంగళ్లు, తోలు పట్టెడలు, పనిముట్ల కర్ర పిడులు కూడా కొరికేవి. గుడ్లు నేలలో ఉండిపోయేవి కనుక మరుసటి ఏడు పంటకు ముందే దండు సిద్ధం. 1877 ఏప్రిల్ 26ను గవర్నర్ జాన్ పిల్స్‌బరీ రాష్ట్రమంతా ప్రార్థన దినంగా ప్రకటించాడు. అంత బీభత్సం చేసిన ఆ జాతి 1902 తరువాత ప్రాణంతో ఎవరికీ కనపడలేదు. అవి గుడ్లు పెట్టే కొండలోయలను వలస వచ్చిన రైతులే దున్నేయడం దానికి కారణమని శాస్త్రజ్ఞుల అంచనా.

1875 నవంబరులో చార్ల్స్ ఒక కాగితం మీద సంతకం చేశాడు. తన దగ్గర చిల్లిగవ్వ లేదని ఒప్పుకుంటేనే సాయం అందుతుంది. దానికి ప్రతిఫలం రెండు అరపీపాల పిండి. ఎవరికీ చేయి చాచని తండ్రిని మనకు పరిచయం చేసిన నవలల్లో ఈ సంతకం లేదు. కూతురు దాన్ని దాచిందని నేను తప్పుపట్టను. తండ్రి తల వంచిన క్షణాన్ని ఏ కూతురు నలుగురిలో చెబుతుంది? కానీ చరిత్రకు ఆ సంతకం కావాలి. ఆ పిండి తీసుకున్నది చార్ల్స్ ఒక్కడే కాదు, సంతకం పెట్టిన రైతులు ఆ చుట్టుపక్కల ఎందరో.

అదే 1875 నవంబరు 1న వాళ్లకు కొడుకు పుట్టాడు. చార్ల్స్ ఫ్రెడరిక్. ముద్దుపేరు ఫ్రెడ్డీ. ముగ్గురు ఆడపిల్లల తరువాత పుట్టిన మగబిడ్డ, తండ్రి పేరు పెట్టుకున్న బిడ్డ. మరుసటి ఏడాది పొలం అమ్మేసి తూర్పుకు తిరిగి, దారిలో సౌత్ ట్రాయ్ దగ్గర పీటర్ పెదనాన్న ఇంట్లో దిగారు. అక్కడే 1876 ఆగస్టు 27న పసివాడు కన్నుమూశాడు. తొమ్మిది నెలల ఇరవై ఆరు రోజుల బతుకు. సమాధి ఎక్కడుందో ఇవాళ గుర్తు లేదు. ఎనిమిది నవలల్లో ఒక్క పుటలోనూ అతని పేరు లేదు.

బండి అక్కడినుంచి అయోవాలోని బర్ ఓక్ చేరింది. పొలం లేదు, పూటకూళ్ల ఇంట్లో పని. తరువాత అద్దె గదులు. 1877 మే 23న చిన్నకూతురు గ్రేస్ అక్కడే పుట్టింది. ఇంటి యజమానికి అద్దె చెల్లించే దారిలేక ఒక రాత్రి చీకట్లో ఊరు వదిలారు. బర్ ఓక్ కూడా నవలల్లో లేదు. లారా 1930లో రాసుకున్న ఆత్మకథలో ఈ సంగతులున్నాయి. దాన్ని ఆ రోజుల్లో ఏ ప్రచురణకర్తా తీసుకోలేదు. 2014లో గానీ దక్షిణ డకోటా చరిత్ర సంఘం దాన్ని అచ్చువేయలేదు.

డకోటాలో ఆగిన బండి

వాల్‌నట్ గ్రోవ్‌కు తిరిగొచ్చాక 1879లో మేరీకి జబ్బుచేసి చూపు పోయింది. పద్నాలుగేళ్ల పిల్ల. నవలలో అది ఎర్రదద్దుర్ల జ్వరం. మెదడు పొరలకు వైరస్ సోకి ఉంటుందని 2013లో వైద్యులు ఆనాటి ఉత్తరాలు, పత్రికలు పరిశీలించి తేల్చారు. అదే ఏడు చార్ల్స్‌కు డకోటాలో పరుచుకుంటున్న రైలుదారి మీద లెక్కలు చూసే ఉద్యోగం దొరికింది. 1880 ఫిబ్రవరిలో డి స్మెట్ దగ్గర 160 ఎకరాలకు దరఖాస్తు పెట్టాడు.

ఆ ఏటి చలికాలం అక్టోబరు మంచుతుపానుతో మొదలైంది. 1881 జనవరి నుంచి మే దాకా డి స్మెట్‌కు రైలు రాలేదు. బొగ్గు అయిపోతే ఎండుగడ్డిని తాళ్లలా మెలితిప్పి పొయ్యిలో పెట్టారు. పిండి అయిపోతే కాఫీగింజలు విసిరే చేతిమరలో గోధుమలు విసురుకున్నారు. ఊరికి తిండి లేని ఆ రోజుల్లో గోధుమల కోసం మంచులో బండి కట్టుకుపోయిన ఇద్దరు కుర్రాళ్లలో ఒకడు అల్మాంజో వైల్డర్.

1881 నవంబరులో మేరీని అయోవాలో వింటన్‌లోని అంధుల కళాశాలకు పంపారు. డకోటాలో అలాంటి బడి లేదు కనుక ఆమె చదువు రుసుము డకోటా ప్రభుత్వం భరించింది. మిగతా ఖర్చులకు లారా బడిపంతులమ్మగా, కుట్టుపనిలో సంపాదించింది కూడా తోడైంది. మేరీ 1889లో చదువు పూర్తిచేసింది. నాకు ఈ కుటుంబం గెలిచిన గెలుపుల్లో ఇదే పెద్దదనిపిస్తుంది. 1886లో చార్ల్స్‌కు పట్టా చేతికొచ్చింది. కానీ ఏడాది తిరిగేసరికి ఊళ్లో ఇల్లు కట్టుకుని వడ్రంగంలోకి మళ్లాడు. 1892లో ఆ పొలం అమ్మేశాడు. కోరుకున్న నేల దొరికింది గానీ, ఆ నేల మీద బతుకు సాగలేదు. ఇక పడమటికి పోదామంటే కరోలిన్ ఒప్పుకోలేదు, ఆడపిల్లలకు బడి కావాలంది. 1902 జూన్ 8న చార్ల్స్ ఆ ఊళ్లోనే పోయాడు. కరోలిన్ 1924 దాకా బతికింది.

తీగ చివర

ఇప్పుడు వంశవృక్షం కింది వరసకు వద్దాం. మేరీ పెళ్లి చేసుకోలేదు, 1928లో పోయింది. గ్రేస్‌కు 1901లో పెళ్లయింది, పిల్లలు లేరు. క్యారీ పత్రికల్లో పనిచేసి, నలభై దాటాక 1912లో పెళ్లిచేసుకుని సవతి పిల్లలను పెంచింది, సొంత సంతానం లేదు. లారా 1885 ఆగస్టు 25న అల్మాంజోను పెళ్లాడింది. 1886లో రోజ్ పుట్టింది. 1889లో పుట్టిన మగబిడ్డ పేరైనా పెట్టకముందే పోయాడు. డిఫ్తీరియా, కరువు, ఇల్లు కాలిపోవడం వరుసగా మీదపడ్డాక 1894లో వాళ్లు మిజోరీలోని మాన్స్‌ఫీల్డ్‌కు తరలిపోయారు. రచయిత్రిగా పేరు తెచ్చుకున్న రోజ్, తల్లి నవలల రాతప్రతులను దిద్దిన చేయి కూడా. ఆమెకు పుట్టిన బిడ్డా దక్కలేదు. 1957లో లారా, 1968లో రోజ్ పోయారు. దాంతో చార్ల్స్, కరోలిన్ల నెత్తుటి తీగ ఆగిపోయింది.

పీటర్, హెన్రీల సంతతి అమెరికాలో ఇంకా ఉంది. లోకమంతా ఎరిగిన కొమ్మకు మాత్రం వారసులు లేరు. మాన్స్‌ఫీల్డ్ మ్యూజియంలో చార్ల్స్ ఫిడేలు ఉంది. 2018లో అమెరికా బాలల గ్రంథాలయ సంఘం తన పురస్కారం నుంచి లారా పేరు తొలగించింది. మూలవాసుల గురించి, నల్లవాళ్ల గురించి ఆ నవలల్లో ఉన్న రాతలే కారణం. తొలగించడం సరే అనేవాళ్లు, కాదనేవాళ్లు ఇప్పటికీ వాదించుకుంటున్నారు.

నేను మాత్రం ఆ వంశవృక్షాన్ని ఇంకోసారి గీసుకోవాలనుకుంటాను. ఫ్రెడ్డీకి ఒక కొమ్మ గీయాలి. పేరు లేని లారా కొడుక్కి ఒక కొమ్మ గీయాలి. చార్ల్స్ ఇంటిపేరును ముందుకు తీసుకుపోవలసిన కొడుకు తొమ్మిది నెలలకే పోతే, ఆ పేరును నిలబెట్టింది రెండో కూతురు. పెళ్లయ్యాక వైల్డర్ అయినా పుస్తకాల అట్టల మీద మధ్యలో ఇంగల్స్‌ను వదలలేదు. ఇక చెట్టు కింద నేలను కూడా గీయాలి. ఆ నేల మీద ఓసేజ్‌ల పేరు రాయాలి. 1870 ఆగస్టులో ఆ జనాభా లెక్కల ఉద్యోగి చేసింది అదే.

వచ్చే సంచికలో అదే కాన్సస్‌కు మరో దారిన వచ్చినవాళ్లను కలుద్దాం. బానిసత్వం నుంచి బయటపడి, 1877లో కెంటకీ నుంచి బయలుదేరి, చెట్టు లేని మైదానంలో నికోడెమస్ అనే ఊరు కట్టుకున్న నల్లవారి కథ.

(సశేషం)